పాత ఫ్రిజ్ ఇంకో ఏడాది నడిస్తే

"జనం ఖర్చు పెరిగిందంటే ఆర్థిక వ్యవస్థ బాగున్నట్టే కదా?" అని ఒక పాఠకుడు అడిగారు. దేని మీద పెరిగిందో, ధరలు ఎంత పెరిగాయో చెబితేగాని జవాబు చెప్పలేను. ధరలు 10 శాతం పెరిగిన ఏడాదిలో ఖర్చు 8 శాతమే పెరిగిందనుకోండి. 1.08ని 1.10తో భాగిస్తే 0.98 వస్తుంది. అంటే జనం ఎక్కువ డబ్బు పోసి తక్కువ సరుకు తెచ్చుకున్నారు. ఈ సంగతి ఇక్కడితో వదిలేస్తాను, నా మనసంతా ఫ్రిజ్ మీద ఉంది.

సబ్బు అరిగిపోతే కొనక తప్పదు. పదేళ్ల ఫ్రిజ్ మాత్రం ఎంత మూలిగినా ఇంకో ఏడాది లాగుతుంది. కిటుకంతా ఈ వాయిదాలోనే ఉంది.

వెయ్యి ఇళ్లు, ఇంటికో ఫ్రిజ్, ఒక్కోదాని ఆయుష్షు పదేళ్లు అనుకుందాం. ఏటా 100 ముసలివవుతాయి, 100 కొత్తవి అమ్ముడవుతాయి. ఒక ఏడు ఉద్యోగాల గురించి బెంగ పుట్టి, కొనాల్సిన వందమందిలో 30 మంది "వచ్చే ఏడు చూద్దాంలే" అనుకున్నారు. పాలు విరగలేదు, ఏ ఇంట్లోనూ ఏ లోటూ లేదు. అమ్మకాలు మాత్రం 70కి పడిపోయాయి. జంకింది 3 శాతం ఇళ్లే, కూలింది 30 శాతం వ్యాపారం. ఈ పదింతలు ఎక్కడివంటే, ఫ్రిజ్ ఆయుష్షులోని పదేళ్లే అవి. ఇరవయ్యేళ్లు మన్నే వస్తువైతే ఏటా అమ్ముడయ్యేవి 50. అదే 30 మంది ఆగితే 60 శాతం పోతుంది! ఎంత గట్టి వస్తువైతే దాన్ని తయారుచేసేవాడికి అంత పెద్ద కుదుపు.

మరుసటి ఏడు బెంగ తీరిందనుకోండి. పాత 30, కొత్త 100, మొత్తం 130 అమ్ముడవుతాయి. పత్రికలు "కొనుగోళ్ల జోరు" అని రాస్తాయి. నిజానికి అది నిరుటి బాకీ. బెంగ తీరకుండా అలాగే ఉండిపోతే? పాత 30 మంది ఇక ఆగలేక కొంటారు, కొత్తగా 30 మంది ఆగుతారు, అమ్మకాలు మళ్లీ 100! అంటే అమ్మకాలను పడగొట్టింది భయం పెరగడమే. ఉన్న భయం ఉన్నట్టే ఉంటే మరుసటి ఏడాదికే లెక్క సర్దుకుంటుంది. ఈ తర్కాన్నే 1917లో అమెరికా ఆర్థికవేత్త జాన్ మారిస్ క్లార్క్ యంత్రాల గిరాకీకి అన్వయించి చూపించారు. తరగతి గదిలో దీన్ని ఒక సమీకరణంతో మొదలుపెట్టి దానితోనే ముగిస్తారు. ఇక విద్యార్థికి ఫ్రిజ్ ఎందుకు గుర్తుకొస్తుంది?

కొనగల శక్తి వేరు, కొనాలన్న ధైర్యం వేరు అని పట్టుబట్టినవారు, జనం మనసును ఆర్థికశాస్త్రంలోకి తెచ్చిన జార్జ్ కటోనా. ఆయన అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1940ల్లో మొదలుపెట్టిన సర్వేలో ఇప్పటికీ ఒక ప్రశ్న అడుగుతారు: ఇంటికి పెద్ద వస్తువులు కొనడానికి ఇది మంచి సమయమేనా? సబ్బు గురించి ఆ ప్రశ్న వేస్తే నవ్వుతారు.

శకునాలకు ఆర్థికశాస్త్రం కూడా అతీతం కాదు. కష్టకాలంలో లిప్‌స్టిక్ అమ్మకాలు పెరుగుతాయని 2001లో సౌందర్య సాధనాల వ్యాపారి లెనార్డ్ లాడర్ అన్నారు, అది సూచీగా ప్రచారమైపోయింది. 2020లో మాస్కులు వచ్చి ఆ సూచీ నోరు మూయించాయి. కాకి వాలింది, తాటిపండు పడింది, అంతే.

అదే 2020 నా ఫ్రిజ్ లెక్కను కూడా తలకిందులు చేసింది. మామూలు మాంద్యంలో ముందు పడేవి మన్నికైన వస్తువులు. ఆ ఏడాది అమెరికాలో ఏప్రిల్‌లో పొదుపు రేటు, అంటే ఆదాయంలో జనం దాచుకున్న వాటా, 30 శాతం దాటింది, సేవల మీద ఖర్చు కుప్పకూలింది, రెండో సగానికి మన్నికైన వస్తువుల కొనుగోళ్లు మాత్రం మునుపటి స్థాయిని మించిపోయాయి. ఆగిన ఫ్రిజ్ బాకీగా నిలుస్తుంది గాని ఆగిన క్షవరం నిలవదు. ఆరు నెలల తర్వాత తలుపు తెరిచిన మంగలి దగ్గరికి జుట్టు పెరిగినవాడు వస్తాడు, ఒక్కసారి కత్తిరించుకుంటాడు, ఒక్కసారికే డబ్బిచ్చి వెళ్లిపోతాడు.