పేటలో బాప్టిస్టు చర్చి, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్

గోదావరి డెల్టాలో చాలా ఎస్సీ పేటల్లో రామాలయం ఉన్నా లేకపోయినా చర్చి ఉంటుంది. ఆదివారం అందులో కూర్చునేవాళ్లలో చాలామంది సర్టిఫికెట్లో మాత్రం 'హిందూ మాల' అనో 'హిందూ మాదిగ' అనో ఉంటుంది. దీన్ని దొంగతనంగా చూసేవాళ్లు ముందు ఈ సంఘాలు ఎలా పుట్టాయో తెలుసుకుంటే మంచిది.

పశ్చిమ డెల్టాకి మొదట వచ్చింది బ్రదరన్ అనే ప్రొటెస్టెంటు శాఖ మిషనరీలు. 1836లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన బౌడెన్, బీర్ కుటుంబాలు తర్వాత నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డాయి. బాప్టిస్టుల కథ కాకినాడలో మొదలైంది, అదీ ఒక తెలుగువాడితో. టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసిన థామస్ గాబ్రియేలు ఉద్యోగం వదిలి బోధకుడయ్యాడు. సంఘాల్ని ఒంటరిగా మోయలేక కెనడా బాప్టిస్టుల సాయం అడిగాడు. 1874లో జాన్ మెక్‌లారిన్ కాకినాడ వచ్చాడు. ఆ మరుసటి ఏడాదే గాబ్రియేలు చనిపోయాడు. సీబీఎం (కెనడియన్ బాప్టిస్ట్ మిషన్) చర్చి అనగానే జనానికి దొరలే గుర్తొస్తారు, కానీ పునాది వేసింది ఈయనే అంటాను.

1882లో సామర్లకోటలో సెమినరీ వచ్చాక బోధకులు ఊళ్లలోకి వెళ్లారు. చాలాచోట్ల చర్చంటే తాటాకు పాకే. వారమంతా బడి, ఆదివారం ప్రార్థన. ఊరి బడి గడప తొక్కనివ్వని రోజుల్లో పలక పట్టించింది ఆ పాకే. ఆకివీడు, రామచంద్రపురం లాంటి చోట్ల మిషన్ కేంద్రాలు, ఆసుపత్రులు వచ్చాయి. పాక పెంకుటిల్లయింది. ఈమధ్య గల్ఫ్‌లో ఇంటిపని చేసి ఆడవాళ్లు పంపిన డబ్బుతో శ్లాబులు పడ్డవీ ఉన్నాయి.

చిక్కు 1950లో పడింది. ఆ ఏడాది రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులనీ, 1990లో బౌద్ధులనీ చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రం క్రైస్తవంలోకి మారిన ఎస్సీలని బీసీ-సీలో (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపులో) పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 1977లో జీవో 341తో ఎస్సీలకిచ్చే కొన్ని ఆర్థిక సాయాలు వీళ్లకీ వర్తింపజేసింది. కానీ హాస్టల్ సీటు, ఉద్యోగం, రిజర్వుడు నియోజకవర్గం, అట్రాసిటీ కేసు అన్నీ ఎస్సీ కాగితం మీదే నడుస్తాయి.

బాప్టిస్టులకి ఇది ఇంకాస్త గట్టిగా తగులుతుంది. వాళ్లు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. తెలివి వచ్చాక, తానుగా ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచుతారు. అంటే సరిగ్గా కాలేజీ సీటు, డీఎస్సీ టెన్షన్ ఉండే వయసు. ఉద్యోగం వచ్చాక చూద్దాం అని వాయిదా వేసుకునేవాళ్లున్నారు. పాస్టరు గారికి తెలిసినా గట్టిగా అడగరు. ఆయన పిల్లల చదువూ ఆ కాగితం మీదే ఉండొచ్చు.

మతం మారిన దళితులకి ఎస్సీ హోదా ఇవ్వాలా అన్నది పరిశీలించడానికి 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. 2025లో రాష్ట్ర హైకోర్టు మాత్రం, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా ఉన్న వ్యక్తి చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేడని తీర్పిచ్చింది. ఆ తీర్పుతో పేటల్లో పాస్టర్లకి గుబులు పట్టుకుంది.