పేజీ హ్యాంగ్ అయ్యేదెందుకు? బ్రౌజర్ వర్కర్ల వెనుక కథ

మంచి ఫోను, మంచి నెట్ ఉన్నా కొన్ని వెబ్‌సైట్లు ఇప్పటికీ హ్యాంగ్ అవుతాయి. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు, వేలితో తోసినా పేజీ జరగదు. మనం నెట్‌ను తిట్టుకుంటాం కానీ చాలాసార్లు తప్పు దానిది కాదు. ఆ పేజీలో నడిచే ప్రోగ్రామ్, అంటే జావాస్క్రిప్ట్ అనే భాషలో రాసిన స్క్రిప్ట్, ఏదో పెద్ద లెక్కలో మునిగి ఉంటుంది. అది తేలేదాకా బ్రౌజర్‌కు మన వేలిని పట్టించుకునే వీలుండదు. ఇలాంటి బరువు పనిని పక్కకు తప్పించే ఏర్పాటు వెబ్ వర్కర్ల రూపంలో 2009 నుంచీ ఉంది. ఉండి కూడా ఇంత తక్కువగా ఎందుకు వాడుతున్నారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1995 మేలో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థలో బ్రెండన్ ఐక్ సుమారు పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపం తయారుచేశారు. అప్పట్లో దాని పని చాలా చిన్నది: ఫారంలో ఖాళీలు నింపారో లేదో చూడటం, బొమ్మ మార్చడం, అంతే. అందుకే అన్నిటికీ ఒకే థ్రెడ్, అంటే పనులు వరసగా సాగే ఒకే దారి. స్క్రిప్ట్ నడపడం, క్లిక్కుకు బదులివ్వడం, పేజీని తెరమీద పేర్చడం, అన్నీ ఒకే వరసలో ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిందే. ఇది లోపంలా కనిపిస్తుంది కానీ నా దృష్టిలో ఆ భాషకు దక్కిన పెద్ద వరం ఇదే. ఒకే విలువను రెండు థ్రెడ్లు ఒకేసారి మార్చబోతే ఫలితం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ఆ రేస్ కండిషన్లను పట్టుకోవడం ఎంత నరకమో సి++, జావా రాసినవాళ్ళకు తెలుసు. జావాస్క్రిప్ట్ నేర్చుకున్న లక్షలమందికి ఆ బాధ లేకుండా పోయింది.

2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక లెక్క మారింది. పేజీలు సాఫ్ట్‌వేర్లయ్యాయి, థ్రెడ్ మాత్రం ఒక్కటే మిగిలింది. స్క్రిప్ట్ స్పందించడం లేదు, ఆపేయమంటారా అని బ్రౌజర్ అడిగే పెట్టె ఆ రోజుల్లో అందరికీ పరిచయమే. డెవలపర్లు పెద్ద పనిని ముక్కలు చేసి, కాసేపాగి నడపమని చెప్పే సెట్‌టైమౌట్‌తో మధ్యమధ్యలో ఊపిరి ఇస్తూ నెట్టుకొచ్చారు. భాషలోకే థ్రెడ్లు తెమ్మని ఒత్తిడి వచ్చింది. ఐక్ 2007లో బహిరంగంగానే వద్దన్నారు.

దారి మరోవైపు నుంచి దొరికింది. 2007 మే చివర్లో గూగుల్ విడుదల చేసిన గేర్స్ అనే ప్లగిన్‌లో (బ్రౌజర్‌కు అదనంగా తగిలించే సాఫ్ట్‌వేర్) వర్కర్‌పూల్ అనే భాగం ఉండేది. అందులో పక్కన వేరే థ్రెడ్ల మీద పనిచేసే స్క్రిప్టులకు ఉమ్మడి మెమరీ ఉండదు. ఎవరి గది వారిదే, మాట్లాడుకోవాలంటే ఉత్తరం పంపుకోవాల్సిందే. ఇదే ఆలోచనను ఇయాన్ హిక్సన్ సంపాదకత్వంలో వెబ్ వర్కర్ల పేరుతో, బ్రౌజర్లన్నీ పాటించాల్సిన ప్రమాణంగా రాశారు. 2009 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3.5, సఫారీ 4 దాన్ని తెచ్చాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు చేరేసరికి 2012 అయింది.

ఈ భద్రతకు ధర ఉంది. వర్కర్ పేజీని ముట్టుకోలేదు, ఒక్క అక్షరం మార్చాలన్నా పేజీని నడిపే అసలు థ్రెడ్‌కు, అంటే మెయిన్ థ్రెడ్‌కు, చెప్పి చేయించాలి. పంపే ప్రతి డేటాకూ నకలు తయారవుతుంది. పెద్ద ఫొటో పంపితే ఆ నకలు తీయడమే భారం. తర్వాత మెమరీ ముక్కను నకలు లేకుండా అప్పగించే పద్ధతి వచ్చింది. అప్పగించాక పంపినవాడి చేతిలో ఏమీ మిగలదు. ఫంక్షన్‌ను అయితే పంపనేలేం. పది లైన్ల పనికి ఇంత తతంగం ఎందుకని చాలామంది డెవలపర్లు అన్నీ మెయిన్ థ్రెడ్ మీదే వేశారు.

మరోవైపు, సి++లో రాసిన గేమ్‌లనూ ఎడిటర్లనూ బ్రౌజర్‌లోకి తేవాలనుకున్నవారికి ఉమ్మడి మెమరీ లేనిదే కుదరదు. వారికోసం జావాస్క్రిప్ట్ 2017 ప్రమాణంలో, థ్రెడ్లు ఒకే మెమరీని పంచుకునే షేర్డ్‌అరేబఫర్ చేరింది. సంవత్సరం తిరగకుండానే, 2018 జనవరి 3న, స్పెక్టర్ అనే ప్రాసెసర్ల భద్రతా లోపం బయటపడింది. ప్రాసెసర్ ముందస్తు ఊహతో చేసే పనులు క్యాష్ అనే దాని చిన్న, వేగమైన మెమరీలో జాడ వదులుతాయి, సమయాన్ని చాలా సూక్ష్మంగా కొలవగలిగితే ఆ జాడను బట్టి చదవకూడని మెమరీని చదవొచ్చు. బ్రౌజర్లు వెంటనే స్క్రిప్టులకు ఇచ్చే గడియారాలను మొద్దుబార్చాయి, అంటే వాటి సూక్ష్మత తగ్గించాయి. అది చాలదు. ఒక వర్కర్ ఉమ్మడి మెమరీలో ఒక అంకెను ఆగకుండా పెంచుతూ ఉంటే, ఆ అంకే అతి సూక్ష్మమైన గడియారమవుతుంది! అందుకే రోజుల వ్యవధిలో బ్రౌజర్లు షేర్డ్‌అరేబఫర్‌నే ఆపేశాయి. మెమరీ పంచుకోవద్దన్న తొలి నిర్ణయం బగ్‌ల భయంతో తీసుకున్నది. తొమ్మిదేళ్ళ తర్వాత దానికి ఇంకో బలమైన కారణం దొరికిందని నేను నమ్ముతాను.

షేర్డ్‌అరేబఫర్ తిరిగి వచ్చింది కానీ షరతులతో. 2020లో ఫైర్‌ఫాక్స్ 79, 2021లో డెస్క్‌టాప్ క్రోమ్ 92 పెట్టిన నియమం ప్రకారం, పేజీ తనను తాను ఇతర సైట్ల నుంచి విడదీసుకోవాలి. బయటినుంచి వచ్చే ప్రతి బొమ్మా, స్క్రిప్టూ దానికి ఒప్పుకోవాలి. ప్రకటనల మీద బతికే వార్తా సైటుకు ఇది దాదాపు అసాధ్యం. ఫొటోషాప్ లాంటి భారీ సాఫ్ట్‌వేర్ వెబ్‌లోకి రావడానికి మాత్రం ఇది దారి ఇచ్చింది.

వర్కర్లను దొంగదారిన వాడినవారూ ఉన్నారు. 2017 సెప్టెంబర్‌లో మొదలైన కాయిన్‌హైవ్ అనే స్క్రిప్ట్, సైటు తెరిచినవారి ప్రాసెసర్‌తో మొనెరో అనే క్రిప్టో కరెన్సీని తవ్వించేది. పేజీ హ్యాంగ్ కాకపోవడంతో చాలామందికి తెలిసేదే కాదు, ఫ్యాన్ మోతా కరిగే బ్యాటరీ తప్ప. అది 2019 మార్చిలో మూతపడింది.

2024 మార్చి నుంచి గూగుల్, నొక్కిన తర్వాత పేజీ స్పందించడానికి పట్టే సమయాన్ని సైటు నాణ్యత కొలమానాల్లో చేర్చింది. 200 మిల్లీసెకన్లలోపు ఉంటేనే మంచిదిగా లెక్క. దాంతో వర్కర్ల మాట మళ్ళీ మొదలైంది. పేజీని గీసే పనిని వర్కర్‌కు ఇవ్వలేం కాబట్టి వీటితో అన్నీ తీరతాయని చెప్పను. కానీ ఫొటో సైజు తగ్గించడం, వేల వరుసల్లో వెతకడం, ఫైలును జిప్ చేయడం లాంటివి మెయిన్ థ్రెడ్ మీద ఉండాల్సిన అవసరం లేదు. ఫైర్‌ఫాక్స్ తన పీడీఎఫ్ రీడర్‌లో ఫైలును విప్పి చదివే పనిని 2013 నుంచీ వర్కర్‌కే అప్పగిస్తోంది. వందల పేజీల ఫైలు తెరిచినా స్క్రోల్ ఆగకపోవడానికి అది ఒక ముఖ్య కారణం.