దుడ్ల పట్టిక తెచ్చిన తగువు

2025 మే 5 రాత్రి పదకొండున్నర. షెఫీల్డ్‌లో అప్పుడు సాయంత్రం ఏడు. ప్రపంచ స్నూకర్ ఫైనల్ ఆఖరి సెషన్‌కు జావో షిన్‌టాంగ్ 17-8తో వచ్చాడు. ఇంకొక్క ఫ్రేము, అంటే ఒక్క ఆట, గెలిస్తే చాలు. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక స్నూకర్ పార్లర్‌లో ఫోను చుట్టూ మూగినవాళ్లలో ఇద్దరు ముగ్గురు ‘ఇంగేముందప్పా’ అంటూ బండి తాళాలు తీశారు. యాభై ఏళ్ల మార్క్ విలియమ్స్ వరసగా నాలుగు ఫ్రేములు లాగేసరికి తాళాలు మళ్లీ జేబుల్లోకి పోయాయి. చివరికి 18-12. ఆసియా ఆటగాడు ప్రపంచ చాంపియన్ కావడం ఇదే మొదలు. అమెచ్యూర్‌గా (టూర్ సభ్యత్వం లేకుండా) వచ్చి ఆ కప్పు ఎత్తడమూ ఇదే మొదలు.

సంబరం టీ తాగే లోపే తగువైంది. స్కోరు పలక మీద సుద్దతో మూడు పేర్లు పడ్డాయి: జడ్ ట్రంప్, కైరెన్ విల్సన్, జావో. 2024-25 సీజన్‌లో మొనగాడు ఎవరు? కర్నూలులోనైనా కడపలోనైనా క్యూ పట్టిన నలుగురు చేరిన చోట ఆ వారమంతా ఇదే గొడవ. స్నూకర్ టూర్ ఏటా ఇచ్చే అవార్డులూ ఒకటి కాదు. టూర్ తరఫున ఒకటి, అభిమానుల ఎంపిక ఒకటి, విలేఖరుల ఎంపిక ఒకటి. తగువు తీరకుండా ఉండటానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

జబల్‌పూర్ సైనికుల మెస్‌లో ఆట పుట్టడం, ఊటీలో నిబంధనలు రాయడం అందరికీ తెలిసిన కథలే. ఈ తగువుకు అంత దూరం పోనక్కర్లేదు. 2014 దాకా పోతే చాలు.

అప్పటిదాకా ర్యాంకింగ్ పాయింట్ల మీద నడిచింది. ప్రపంచ చాంపియన్‌కు 10,000, యూకే చాంపియన్‌కు 8,000, వెల్ష్ ఓపెన్, జర్మన్ మాస్టర్స్ వంటివి గెలిస్తే 5,000. అంటే రెండు చిన్న కప్పులు ఒక ప్రపంచ కప్పుకు సాటి. ఆ తూకం నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. ఏ టోర్నీ బరువెంతో ఆట తెలిసినవాళ్లు ముందే కూర్చుని తేల్చిన తూకం మాత్రం అది. 2014 ప్రపంచ చాంపియన్‌షిప్ ముగిశాక ఆ తక్కెడ తీసి పక్కన పెట్టారు. 2014-15 సీజన్ నుంచి ర్యాంకింగ్ టోర్నీలో గెలిచిన ప్రతి పౌండూ ఒక పాయింటే. రెండేళ్ల సంపాదన కలిపి పట్టిక వేస్తారు. రెండేళ్లు నిండగానే పాత డబ్బు రాలిపోతుంది.

2014లో ప్రపంచ విజేత బహుమతి 3 లక్షల పౌండ్లు. వెల్ష్ ఓపెన్‌ది 60 వేలు. అంటే ప్రపంచ కప్పు బరువు రెండు చిన్న కప్పుల నుంచి అయిదింటికి పెరిగింది. పెంచుదామని ఎవరూ తీర్మానం చేయలేదు. స్పాన్సర్లు ఎక్కడ ఎంత పోస్తే అక్కడ బరువు అంత. అప్పటికి నాలుగేళ్లుగా టూర్ పగ్గాలు పట్టిన బ్యారీ హెర్న్ వైపు నుంచి చూస్తే ఇందులో ఒక సుళువుంది: కొత్త టోర్నీ వస్తే దానికెన్ని పాయింట్లు ఇవ్వాలని పంచాయితీ పెట్టనక్కర్లేదు, చెక్కు మీద అంకె చూస్తే సరి. గోల్ఫ్‌లోనూ డబ్బు పట్టికలు ఉన్నవే. అంతవరకు ఒప్పుకోవచ్చు.

కానీ డబ్బు పట్టిక అన్నారే గానీ డబ్బంతా అందులోకి రాదు. జనవరిలో అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జరిగే మాస్టర్స్‌నే చూడండి. మొదటి పదహారు మందికే పిలుపు కాబట్టి అది ర్యాంకింగ్ టోర్నీ కాదు. 2025లో షాన్ మర్ఫీ అక్కడ 3 లక్షల 50 వేల పౌండ్లు అందుకున్నాడు. ర్యాంకింగ్‌లో ఒక్క పౌండూ చేరలేదు. షాంఘై మాస్టర్స్‌ది కూడా ఇదే తీరు. క్రూసిబుల్‌లో (ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగే షెఫీల్డ్ థియేటర్‌లో) ఇంకో మెలిక ఉంది. సీడెడ్ ఆటగాడు (ర్యాంకు వల్ల నేరుగా ప్రధాన పోటీకి వచ్చినవాడు) మొదటి మ్యాచే ఓడితే బహుమతి డబ్బు బ్యాంకులో పడుతుంది, ర్యాంకింగ్‌లో పడదు. పార్లర్ వాదనల్లో సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. ఒకడు మొత్తం సంపాదన చెబుతాడు, ఇంకొకడు ర్యాంకింగ్ అంకె చెబుతాడు. ఇద్దరి మాటా నిజమే అవుతుంది.

పాయింట్ల ఆఖరి సీజన్ 2013-14లో డింగ్ జున్‌హుయ్ అయిదు ర్యాంకింగ్ టోర్నీలు గెలిచాడు. అందులో ఒకటి ఢిల్లీలో జరిగిన ఇండియన్ ఓపెన్. ఫైనల్లో మన ఆదిత్య మెహతాను 5-0తో ఓడించాడు. ర్యాంకింగ్ ఫైనల్ దాకా వెళ్లిన తొలి భారతీయుడు మెహతాయే. అదే డింగ్ క్రూసిబుల్ మొదటి రౌండ్‌లో, అక్కడ మొదటిసారి ఆడుతున్న మైకేల్ వాస్లీ చేతిలో 10-9తో ఓడాడు. ఆ ఏడు ప్రపంచ కప్పు మార్క్ సెల్బీది. సెంచరీల (ఒకే విడతలో వంద పాయింట్లూ ఆపైనా) రికార్డు నీల్ రాబర్ట్‌సన్‌ది, 103. ఆ సీజన్ ఎవరిదని అడిగితే నోరెత్తడానికి ముగ్గురికీ హక్కుంది. పదకొండేళ్ల తర్వాత సరిగ్గా అదే బొమ్మ మళ్లీ పడింది, పేర్లు మారాయి.

మనవైపు అభిమానం ఎటు మొగ్గుతుందన్నదానికి ఒక పాత కారణం ఉంది. 2016 జులైలో ఇండియన్ ఓపెన్ హైదరాబాద్‌కు వచ్చింది. కర్నూలు నుంచి రెండొందల పైచిలుకు కిలోమీటర్లు, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం సెషన్ దొరికే దూరం. ఆ ఫైనల్లో ఆంథోనీ మెక్‌గిల్ చేతిలో 5-2తో ఓడిన కుర్రాడే కైరెన్ విల్సన్. మరుసటి ఏడు టోర్నీ విశాఖపట్నానికి పోయింది, జాన్ హిగిన్స్ గెలిచాడు. రెండుచోట్లా విజేతకు 50 వేల పౌండ్లే. డబ్బు పట్టికలో ఆ కప్పు ఎంత తేలికైపోయిందో చెప్పడానికి ఆ అంకె చాలు.

ఇక 2024-25 సీజన్. విల్సన్ 2024 ప్రపంచ చాంపియన్‌గా మొదలుపెట్టి నాలుగు ర్యాంకింగ్ టోర్నీలు గెలిచాడు. షియాన్ గ్రాండ్ ప్రిలో ట్రంప్ మీద 10-8. నార్తర్న్ ఐర్లాండ్ ఓపెన్‌లో మళ్లీ ట్రంప్ మీదే 9-3. బెర్లిన్‌లో జర్మన్ మాస్టర్స్, బ్యారీ హాకిన్స్ మీద 10-9. మార్చిలో ప్లేయర్స్ చాంపియన్‌షిప్, మూడోసారి ట్రంప్ మీద, 10-9. అంటే ప్రపంచ నంబర్ వన్‌ను ఒకే సీజన్‌లో మూడు ఫైనళ్లలో ఓడించాడు, రెండు ఫైనళ్లు ఆఖరి ఫ్రేములో నెగ్గాడు. మాస్టర్స్ ఫైనల్ కూడా ఆడి మర్ఫీ చేతిలో 10-7తో ఓడాడు. ఆఖరి ఫ్రేము అంటే ఏమిటో పందెం మీద ఆడినవాడికి తెలుసు: తొమ్మిదీ తొమ్మిది అయ్యాక పొడవాటి రెడ్ కొట్టాలా, తెల్లబాల్‌ను వెనక్కి బాల్క్‌లోకి (బ్లాక్‌కు ఎదురు చివరికి) చేర్చి దాక్కోవాలా అన్న ఒక్క నిర్ణయం మీద పద్దెనిమిది ఫ్రేముల కష్టం ఆధారపడుతుంది.

ఆ నాలుగు కప్పుల మొదటి బహుమతులు కలిపితే 5 లక్షల పౌండ్ల చిల్లర. సెప్టెంబరులో రియాద్‌లో తొలిసారి పెట్టిన సౌదీ అరేబియా మాస్టర్స్ ఒక్కదాని బహుమతే 5 లక్షలు. దాన్ని ట్రంప్, విలియమ్స్ మీద 10-9తో గెలిచాడు. షియాన్, బెల్‌ఫాస్ట్, బెర్లిన్, టెల్‌ఫర్డ్ నాలుగూ తిరిగి గెలిచినదీ, ఒక్క వారం ఒక్క ఊళ్లో గెలిచినదీ పట్టికలో దాదాపు ఒకటే. 19 ఫ్రేముల రియాద్ ఫైనల్‌కూ 35 ఫ్రేముల క్రూసిబుల్ ఫైనల్‌కూ ఒకే ధర కట్టినప్పుడే 2014 నాటి నిర్ణయం అసలు రంగు బయటపడింది. ‘నాలుగు ఎత్తినోనికంటే రెండు ఎత్తినోడు యాడ గొప్పోడన్నా?’ అని పార్లర్‌లో అడిగిన కుర్రాడికి ‘దుడ్లు సూడు రా’ అని తప్ప వేరే జవాబు రాలేదు.

ట్రంప్ పక్షానికి (అమెరికా ట్రంప్ కాదు, బ్రిస్టల్ ట్రంప్) బలం లేదని కాదు. రియాద్ కాక యూకే చాంపియన్‌షిప్ ఉంది, ఫైనల్లో హాకిన్స్ మీద 10-8. దానికి ముందు సెమీస్‌లో విల్సన్‌నే 6-2తో పంపాడు. పిలుపు టోర్నీల్లో షాంఘై. సీజన్ సంపాదన 16 లక్షల పౌండ్లు దాటింది, అంతకుముందు ఎవరికీ రానంత. క్రూసిబుల్‌లో సెమీస్ దాకా వెళ్లి విలియమ్స్‌తో 17-14తో ఓడాడు. కాకపోతే 2019-20లో ట్రంప్ ఆరు ర్యాంకింగ్ కప్పులు గెలిచి, ప్రపంచ కప్పు రోనీ ఒసల్లివాన్‌కు పోయినప్పుడు ఇదే పక్షం ‘కప్పులు లెక్కపెట్టండి’ అంది. ఇప్పుడు లెక్క రెండుకు దిగేసరికి కొలత మారింది.

వాళ్ల చేతిలో ఉన్న అసలు ముక్క సెంచరీలు: సీజన్‌లో 107. రాబర్ట్‌సన్ 103 రికార్డు పోయింది. దీన్ని తేలిగ్గా తీసేయలేం. ఒక సెంచరీకి ఎన్ని బాల్స్ వేయాలో లెక్క కట్టండి. పన్నెండు రెడ్లు (ఒక్కోటి 1 పాయింటు), ప్రతిదాని వెనకా బ్లాక్ (7), అక్కడికి 96. పదమూడో రెడ్‌తో 97. ఆపైన కనీసం గ్రీన్ (3). ఫ్రీ బాల్ (ఎదుటివాడి ఫౌల్ వల్ల దొరికే అదనపు అవకాశం) కలిసొస్తే తప్ప 26 బాల్స్ తక్కువ కాకుండా వరసగా వేయాలి. అదీ ప్రతిసారీ బ్లాకే దొరికితే. పింకులూ బ్లూలూ కలిస్తే ముప్పై దాటొచ్చు. అలా 107 సార్లు.

మన టేబుళ్ల మీద అది ఎందుకు కలగా కనిపిస్తుందో కూడా చెప్పుకోవాలి. గుడ్డకు నూగు బాల్క్ వైపు నుంచి బ్లాక్ వైపు వాలి ఉంటుంది. బ్రష్ ఆ వాలులోనే తిన్నగా లాగాలి, ఇస్త్రీ కూడా ఆ వాలులోనే. అడ్డదిడ్డంగా తుడిస్తే నూగు చెదిరి, మెల్లగా సెంటర్ పాకెట్‌కు వదిలిన బాల్ దారి తప్పుతుంది. అనంతపురం దుమ్ముకు రెండు రోజులు బ్రష్ మానేస్తే చాలు, సుద్దపొడీ మట్టీ కలిసి గుడ్డ గరుకెక్కుతుంది. మే నెల ఎండకు పొడిగా పరుగెత్తే టేబుల్, ముసురు పట్టిన వారం బరువెక్కి కుషన్ దగ్గర చచ్చుబడుతుంది. పెద్ద టోర్నీల్లో పలకరాయి కింద హీటర్ ఉంటుంది, గుడ్డ పలచన, కొత్తది. కాబట్టి ఇక్కడి 60 బ్రేక్‌నూ (ఒకే విడతలో 60 పాయింట్లు) అక్కడి సెంచరీనీ ఒకే గాటన కట్టకూడదు. అలాగని సెంచరీల సంఖ్య ఒక్కటే చూపి సీజన్ రాసిచ్చేయడమూ కుదరదు. ఎన్ని ఎక్కువ మ్యాచులు ఆడితే అన్ని ఎక్కువ అవకాశాలు. పైగా ఫైనల్ రోజు 140 బ్రేక్ అయినా, 62తో నెగ్గినా పడేది ఒక్క ఫ్రేమే.

జావో పక్షం మాట చిన్నది, గట్టిది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో నాలుగు క్వాలిఫయింగ్ మ్యాచులు, తర్వాత అయిదు; మొత్తం 111 ఫ్రేములు గెలిచాడు. సెమీస్‌లో ఒసల్లివాన్‌ను 17-7తో ఓడించాడు. కానీ సీజన్ మొదట్లో అతను టూర్‌లోనే లేడు. ఇంకొక ఆటగాడి మ్యాచ్ ఫిక్సింగ్‌లో భాగమైనందుకూ, బెట్టింగులకూ పడిన 20 నెలల నిషేధం 2024 సెప్టెంబరు 1న ముగిసింది. తనంతట తాను ఏ మ్యాచూ అమ్ముకోలేదు. తర్వాత కింది మెట్టు క్యూ టూర్ ఆడుతూ వచ్చాడు. పదిహేడు రోజుల గొప్పతనాన్ని ఏడాది మొత్తానికి పరవాలా అన్నదే ప్రశ్న. పరవాలంటే డింగ్ 2013-14లో గెలిచిన అయిదు కప్పులూ తుడిచేయాలి.

విల్సన్ మీద వేసే రాయి కూడా అక్కడి నుంచే వస్తుంది. క్రూసిబుల్ మొదటి రౌండ్‌లో, అక్కడ తొలిసారి ఆడిన లే పేఫాన్ చేతిలో 10-9తో ఓడాడని. నిజమే. అయితే 1977లో పోటీ క్రూసిబుల్‌కు వచ్చినప్పటి నుంచి 2025 దాకా, అక్కడ తొలిసారి గెలిచినవాడెవడూ మరుసటి ఏడు నిలబెట్టుకోలేదు. ఆ లే పేఫాన్ కూడా డిసెంబరులో స్కాటిష్ ఓపెన్ గెలిచినవాడే. రెండో రౌండ్‌లో అతన్ని 13-10తో ఆపింది జావో.

డబ్బు పట్టిక మాత్రం తన పని తాను చేసుకుపోయింది. సీడ్‌గా మొదటి మ్యాచే ఓడిన విల్సన్‌కు షెఫీల్డ్ నుంచి ర్యాంకింగ్‌లో సున్నా. అమెచ్యూర్‌గా ఆడిన జావో ఆ ఒక్క టోర్నీ డబ్బుతో 2025-26 సీజన్‌ను 11వ ర్యాంకుతో మొదలుపెట్టాడు.