ముందు పొరా, వెనక పొరా?

మొన్న వేసవిలో గాజువాక నుంచి మా చిన్నాన్న ఫోన్ చేశాడు. "ఎడమ కంట్లో ముక్కు పక్క నుంచి నల్లగా కమ్ముకొస్తోందిరా, పొర వచ్చినట్టుంది." మన వాడుకలో కంటి ముందువైపు లెన్సు మసకబారే శుక్లమూ పొరే, కంటి వెనక గోడకు అంటుకుని ఉండే రెటీనా కూడా పొరే. ఆయన అనుకున్నది శుక్లం, తేలింది రెటీనా ఊడిందని. "లెన్సు కూడా ఇప్పుడే తీయాలా, తర్వాతా అన్నది చూడాలి" అని డాక్టరుగారు అనేసరికి బిత్తరపోయాం. లెన్సు బాగానే ఉంది కదా!

కంటి నడుమ ముంజెలాంటి జిగురు ఉంటుంది, విట్రియస్ అంటారు. వయసుతో అది ముడుచుకుంటూ కొందరిలో రెటీనాను లాగి చింపుతుంది. ఆ చిరుగులోంచి నీరు దూరి, తేమ పట్టిన గోడ మీద సున్నం పొంగినట్టు పొరను లేపేస్తుంది. చిరుగు మూస్తేనే పొర అతుక్కుంటుందని 1920ల్లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్ వైద్యుడు జూల్ గోనా చూపించాడు. 1970ల తొలినాళ్లలో రాబర్ట్ మాకెమర్ జిగురునే తీసేసే విట్రెక్టమీకి దారి వేశాడు. ఇప్పుడు జిగురు తీసి, చిరుగు చుట్టూ లేజర్ కొట్టి, గ్యాసో సిలికాన్ నూనో నింపుతారు.

చిక్కంతా అక్కడే. ఆ జిగురు ఇన్నాళ్లూ రెటీనా రక్తనాళాల ఆక్సిజన్ లెన్సు దాకా పోకుండా కాపు కాసింది. అది పోయాక లెన్సు మసకబారుతుంది. 50 దాటినవాళ్లలో చాలామందికి రెండేళ్లలోపే శుక్లం వస్తుంది. ఎలాగూ రాబోయేదే కాబట్టి ఒకేసారి తీసేస్తే రెండో ఆపరేషన్ తప్పుతుంది, అంచుల్లోని జిగురు దాకా పరికరం సులువుగా వెళ్తుంది. కుర్రాళ్ల సంగతి వేరు. దగ్గరకీ దూరానికీ సర్దుకునే లెన్సును ఊరికే వదులుకోకూడదు.

మరి పెద్దవాళ్లందరికీ ఒకేసారి చేసెయ్యొచ్చుగా? కొత్త లెన్సు పవర్ కంటి పొడవును బట్టి ఉంటుంది. మామూలు కన్ను 23, 24 మిల్లీమీటర్లు. రెటీనాలో నడిమి చూపునిచ్చే భాగమైన మాక్యులా కూడా లేచిపోతే, యంత్రం వెనక గోడను కాక లేచిన పొరను కొలిచి కన్ను పొట్టిదని చెప్పొచ్చు. ఒక్క మిల్లీమీటరు తేడాకి రెండున్నర, మూడు డయాప్టర్ల (లెన్సు పవర్ కొలిచే యూనిట్) తప్పు. దానికితోడు గ్యాస్ బుడగ కొత్త లెన్సును ముందుకు నెట్టొచ్చు. రెండూ మనిషిని దూరం ఆననివాడిగా మిగిల్చేవే. రెండో కంటి కొలత అరువు తెచ్చుకోవడం ఒక ఉపాయం, కానీ రెండు కళ్లూ కవలలే అన్న హామీ లేదు.

తర్వాత చేయడమూ నల్లేరు మీద నడక కాదు. వెనక జిగురు ఆసరా లేని కంట్లో లెన్సు ముందుండే గది ఆపరేషన్‌లో ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. అయినా చేయి తిరిగినవారికి అది తెలిసిన ఇబ్బందే. తప్పుడు కొలతతో పెట్టిన లెన్సును మళ్లీ మార్చడం కంటే నయమని నాకనిపిస్తుంది. మాక్యులా ఇంకా అతుక్కునే ఉంటే మాత్రం ముందు దాన్ని కాపాడుకోవాలి, రోజుల తరబడి తర్జనభర్జనకు వ్యవధి ఉండదు.

చిన్నాన్నకు 61. మాక్యులా లేచిపోయింది. అందుకే రెటీనా ముందు, లెన్సు తర్వాత అన్నారు. గ్యాస్ పెట్టి బోర్లా పడుకోబెట్టారు. ఆ నెలలోనే అరకులో పెళ్లి. ఘాట్ రోడ్డెక్కి 900 మీటర్ల ఎత్తుకి పోతే గాలి ఒత్తిడి తగ్గి బుడగ ఉబ్బుతుంది, కంటి ప్రెషర్ పెరిగి చూపుకే ముప్పు. పెళ్లి భోజనం పోయిందని ఆయన దిండులోకే సణుక్కున్నాడు.

అనుకున్నట్టే కొన్ని నెలలకు శుక్లం వచ్చింది. అతుక్కున్న కన్నును ఈసారి నిదానంగా కొలిచారు. ఆపరేషన్ గది బయట ఒక ముసలమ్మ "ఏ పొరకి బావూ?" అని అడిగింది.

"ముందుదమ్మా. వెనకది అయిపోయింది" అన్నాడు చిన్నాన్న.