హెర్పిస్ రిపోర్టు చేతికొచ్చాక: కర్నూలు ఓపీలో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను కర్నూలులో చర్మవ్యాధులు, సుఖవ్యాధులు చూసే డాక్టర్ని. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ, డోన్ వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్లు నా దగ్గర ఎక్కువ. వాళ్లలో కొందరు పుండు చూపించరు, బాధ ఏమిటో చెప్పరు. జేబులోంచి మడతలు పెట్టిన కాగితం తీసి టేబుల్ మీద పెట్టి, తలుపు మూసి ఉందా అని ఒకసారి వెనక్కి చూస్తారు.

ఆ మధ్య వచ్చిన ఒక అబ్బాయి కాగితమైతే మడతల దగ్గర చిరిగేదాకా నలిగిపోయింది. 'హెచ్ఎస్‌వీ 2 ఐజీజీ: 1.6, పాజిటివ్' అన్న వరుస కింద పెన్నుతో రెండు గీతలు. హెచ్ఎస్‌వీ అంటే హెర్పిస్ వైరస్, అందులో రెండో రకం ఎక్కువగా జననాంగాల దగ్గర పుండ్లు తెచ్చేది. రెండు నెలల్లో పెళ్లి. "యాడ చెప్పుకోవాల్నో తెలీక వచ్చినా మేడమ్" అన్నాడు. చూస్తే ఒంటి మీద ఒక్క పొక్కు లేదు, ఎప్పుడూ రాలేదు కూడా. ఏడాది కిందట ఒకసారి జరిగినదాన్ని తలచుకుని భయపడి, తనంతట తానే ల్యాబుకు వెళ్లి అన్ని టెస్టులూ చేయించుకున్నాడు. ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను గానీ, ఇలాంటి వాళ్లు వస్తూనే ఉంటారు. వాళ్ల కోసమే ఇది.

అపోహ: పాజిటివ్ అని అచ్చయిందంటే జబ్బు ఉన్నట్టే.

ఈ రక్తపరీక్ష వైరస్‌ను వెతకదు. వైరస్ మీద మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను వెతుకుతుంది. ఐజీజీ అంటే అందులో ఒక రకం. చాలా కిట్లలో అంకె 0.9 కంటే తక్కువైతే నెగటివ్, 1.1 దాటితే పాజిటివ్, మధ్యలో వస్తే ఏదీ తేల్చలేనట్టు. వేరుశనగ బుడ్డలు జల్లెడ పట్టినప్పుడు గింజంత రాయి కూడా గింజలతోపాటే మిగిలిపోతుంది కదా, అలాగే వేరే యాంటీబాడీలు కూడా ఈ పరీక్షకు అంటుకుని అంకెను కాస్త పైకి నెడతాయి. అందుకే 1.1 నుంచి 3 లోపు వచ్చే హెచ్ఎస్‌వీ 2 పాజిటివ్‌లలో తప్పుడువి చాలా ఎక్కువ. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 మార్గదర్శకాలు కూడా, అంకె 3 లోపు ఉంటే వేరే పద్ధతిలో ఇంకో పరీక్ష చేసి ఖాయం చేసుకోమనే చెబుతాయి. అలా ఖాయం చేసుకోవడానికి వాళ్లు చెప్పే వెస్టర్న్ బ్లాట్ పరీక్ష మనకు మామూలుగా దొరకదు. ఆ అబ్బాయికి వేరే కంపెనీ కిట్ వాడే ల్యాబులో మళ్లీ చేయించాను. 0.4 వచ్చింది. నెగటివ్. నాలుగు నెలలుగా సరిగ్గా నిద్రపోలేదని అప్పుడు చెప్పాడు.

అంకె బాగా ఎక్కువుండి, ఎప్పుడైనా పుండ్లు కూడా వచ్చి ఉంటే అది వేరే సంగతి. అప్పుడు రిపోర్టును నమ్మాల్సిందే.

అపోహ: ఐజీఎం పాజిటివ్ వచ్చిందంటే ఈ మధ్యనే అంటుకుంది.

సంసారాల్లో చిచ్చు పెట్టే అపోహ ఇదే. ఐజీఎం అనే ఇంకో రకం యాంటీబాడీ కొత్త ఇన్ఫెక్షన్‌కు గుర్తు అని ఎక్కడో చదువుతారు. కొన్ని జబ్బుల్లో అది నిజమే. హెర్పిస్‌లో మాత్రం పాత ఇన్ఫెక్షన్ మళ్లీ పైకి లేచినప్పుడు కూడా ఐజీఎం రావచ్చు, అసలు ఇన్ఫెక్షనే లేకుండా కూడా రావచ్చు. అది ఒకటో రకమో రెండో రకమో కూడా నమ్మకంగా చెప్పలేదు. నేను ఈ టెస్టు రాయను. ఎవరైనా చేయించుకుని వస్తే, దాన్ని పక్కన పెట్టి మాట్లాడదామంటాను.

ముఖ్యంగా, కొన్ని ఇన్ఫెక్షన్లకు కలిపి చేసే టార్చ్ టెస్టు గురించి చెప్పాలి. గర్భం నిలవకపోతే చాలాచోట్ల ఈ టెస్టు రాసేస్తారు. అందులో హెర్పిస్ కూడా ఒకటి. ఒకసారి ఒక అమ్మాయి, ఆమె అత్త, భర్త ముగ్గురూ వచ్చారు. రెండుసార్లు గర్భం పోయింది. రిపోర్టులో హెర్పిస్ ఐజీజీ, ఐజీఎం రెండూ పాజిటివ్. అమ్మాయి కుర్చీ అంచున తల వంచుకుని కూర్చుంది, భర్త గోడ దగ్గర నిలబడ్డాడు. "పెండ్లికి ముందే ఉండెనా మేడమ్ ఇది?" అని అత్త అడిగింది.

ఆ రిపోర్టులో 1, 2 రకాలు కలిపి ఒకే అంకె ఇచ్చారు. ఒకటో రకం, అంటే పెదాల మీద పొక్కులు తెచ్చేది, ప్రపంచంలో 50 ఏళ్ల లోపు వాళ్లలో 64 శాతం మందికి ఉందని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. చాలామందికి చిన్నప్పుడే, ఇంట్లోవాళ్లు ముద్దు పెట్టుకున్నప్పుడు వస్తుంది. కాబట్టి ఆ ఐజీజీ ఆమె నడవడి గురించి ఏమీ చెప్పదు. ఆ గదిలో ఉన్న ఆ ముగ్గురికీ, నాకూ చేయించినా పాజిటివ్ రావచ్చు. అదే మాట ఆ అత్తకు చెప్పాను. మాటిమాటికీ గర్భం పోవడానికి కారణం ఈ టెస్టుతో దొరకదు, వేరేచోట వెతకాలి అని గైనకాలజిస్టు దగ్గరికి పంపాను.

గర్భిణుల్లో నిజంగా భయపడాల్సిన సందర్భం ఒకటుంది. నెలలు నిండే సమయంలో జననాంగాల దగ్గర మొదటిసారి హెర్పిస్ వస్తే, కాన్పులో బిడ్డకు సోకే ప్రమాదం 30 నుంచి 50 శాతం. ముందునుంచీ ఉన్నవాళ్లలో అది 1 శాతం కూడా ఉండదు. నొప్పులు మొదలైనప్పుడు పుండ్లు ఉంటే సిజేరియన్ చేస్తారు. కాబట్టి పుండు వస్తే సిగ్గుపడి దాచకండి తల్లీ, కాన్పు చేసే డాక్టరుకు చెప్పండి.

అపోహ: సర్పి వచ్చిందంటే సుఖవ్యాధి.

నడుము చుట్టూ జాజు రాయించుకుని, ఆ ఎర్రమట్టి ఇంకా ఆరకముందే వచ్చే పెద్దవాళ్లు మా ఓపీలో కనిపిస్తూనే ఉంటారు. సర్పి అనండి, అక్కి అనండి, దాని పేరు చీటీలో 'హెర్పిస్ జోస్టర్' అని రాస్తాం. కొడుకు ఆ పేరును ఫోన్‌లో వెతికి, "ఈ వయసులో నాన్నకు ఇదేంది మేడమ్" అని చాటుగా అడుగుతాడు. ఇది చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్. అప్పటినుంచీ నరాల్లో దాక్కుని, వయసు మీద పడ్డాక పైకి వస్తుంది. పేరు కలిసినా, రెంటికీ వాడే ఏసైక్లోవిర్ మందు ఒకటే అయినా, ఇది సుఖవ్యాధి కాదు. దీని డోసు కూడా ఎక్కువ. జాజుతో పొద్దు గడపకుండా, పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే మేలు.

అపోహ: అదే చోట మళ్లీ మళ్లీ పుండు వస్తే అది హెర్పిసే.

కావచ్చు. కానీ నేను ముందు అడిగేది: "అది రాకముందు ఏ బిళ్ల వేసుకున్నారు?" నొప్పులకో, విరేచనాలకో మెడికల్ షాపులో రెండు బిళ్లలు అడిగి వేసుకుంటారు. ఆ మందు పడక, ప్రతిసారీ అదే చోట చర్మం నల్లబడి ఊడుతుంది. మర్మాంగం మీద ఇది చాలా మామూలు. మానినాక నల్లమచ్చ మిగిలిందంటే నాకు అనుమానం మందు మీదికే పోతుంది. షుగర్ ఉన్నవాళ్లలో మర్మాంగం ముందరి చర్మం చీలడం, గజ్జి, చెమట పొక్కులు, ఇవన్నీ 'హెర్పిస్' పేరుతో నా దగ్గరికి వస్తుంటాయి.

అపోహ: పెదవి మీద పొక్కులు ఒట్టి వేడి.

జ్వరానికీ మన కర్నూలు మే నెల ఎండకూ అవి పైకి లేస్తాయి, అది నిజం. లోపల ఉన్నది మాత్రం ఒకటో రకం హెర్పిస్. పొక్కు పూర్తిగా మానేదాకా చంటిబిడ్డలను ముద్దు పెట్టుకోకండి.

అపోహ: అనుమానం వచ్చిన మర్నాడే టెస్టు చేయిస్తే తేలిపోతుంది.

యాంటీబాడీలు పుట్టడానికి టైము పడుతుంది. 12 వారాలు దాటాక చేసిన ఐజీజీకే విలువ. ఈలోగా 2 నుంచి 12 రోజుల్లో పొక్కులు వస్తే అదే మంచి అవకాశం. పుండు పచ్చిగా ఉండగానే, మొదటి రెండు రోజుల్లో దూదిపుల్లతో తీసి పీసీఆర్ చేస్తే వైరస్ ఉందో లేదో, ఏ రకమో తెలుస్తుంది. నెగటివ్ వచ్చినా, పుండు అప్పటికే ఎండిపోయి ఉంటే దాన్ని పూర్తిగా నమ్మలేం. పుండు లేని వాళ్లకు ఊరికే రక్తపరీక్ష చేయమని ఏ మార్గదర్శకాలూ చెప్పవు.

అపోహ: నిజంగా వస్తే జీవితం అయిపోయినట్టే.

వైరస్‌ను ఒంట్లోంచి పూర్తిగా తీసేసే మందు లేదు, ఇది దాచను. కానీ పొక్కులను తొందరగా మాన్పే మందులున్నాయి. మాటిమాటికీ వచ్చేవాళ్లు రోజూ వేసుకుంటే రావడం బాగా తగ్గుతుంది, భాగస్వామికి సోకే ప్రమాదమూ తగ్గుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అవే తగ్గుముఖం పడతాయి. పుండు కనిపించని రోజుల్లోనూ సోకవచ్చు కాబట్టి కండోమ్ వాడాలి, అదీ నూటికి నూరుపాళ్లు కాపాడదు. రెండో రకం ఉన్నవాళ్లకు హెచ్ఐవీ సోకే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష, సిఫిలిస్ పరీక్ష తప్పకుండా చేయించుకోండి. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఇవి ఉచితం, వివరాలు బయటికి చెప్పరు. ఎదురుగా అడగడానికి మొహమాటమైతే 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

పుండు వచ్చిన రోజే రండి. దాని మీద పసుపు, సున్నం, షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ ఏదీ పూయకండి. ఆ రోజు బస్సు దొరక్కపోతే ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, ఈలోగా వేసుకున్న బిళ్లల అట్టలు కూడా పారేయకుండా తెండి.