లాల్‌బాగ్‌లో రాజుకున్న రాష్ట్రపతి ఎన్నిక

అమెరికా అధ్యక్ష ఎన్నికలు వస్తే బెంగళూరులోని తెలుగు ఇళ్లలోనూ టెన్షనే. పిల్లలు అక్కడున్నారు మరి. 2020లో ఓడిన ట్రంప్ ఫలితాన్ని ఒప్పుకోకపోవడం, 2021 జనవరి 6న గుంపు అక్కడి చట్టసభ భవనంలోకి చొరబడటం చూసి ‘ఇక ప్రజాస్వామ్యం పని అయిపోయినట్టే’ అని పెదవి విరిచినవాళ్లు ఇక్కడా ఉన్నారు. వాళ్లకు ఈ ఊళ్లోనే రాజుకున్న ఒక రాష్ట్రపతి ఎన్నిక గురించి చెప్పాలి. అందులో ప్రధానంగా తలపడిన ఇద్దరూ తెలుగువాళ్లే.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలికంగా ఆ బాధ్యతలు తీసుకున్నారు. అంతకు ముందు మైసూరు రాష్ట్ర గవర్నరుగా చేసిన మనిషి, బెంగళూరుకు కొత్తేమీ కాదు. జూలైలో లాల్‌బాగ్ గ్లాస్ హౌస్‌లో, ఇప్పుడు మనం పూల ప్రదర్శనకు క్యూ కట్టే చోటే, కాంగ్రెస్ పార్టీ అఖిల భారత కమిటీ (ఏఐసీసీ) సమావేశం జరిగింది. ప్రధాని ఇందిరా గాంధీ రాష్ట్రపతి పదవికి జగ్జీవన్ రామ్ పేరు చెప్పారు. పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప, కామరాజ్, ఎస్.కె.పాటిల్ వంటి, ‘సిండికేట్’ అనిపించుకున్న కాంగ్రెస్ పెద్దలకు అది నచ్చలేదు. అభ్యర్థిని తేల్చే పార్టీ పార్లమెంటరీ బోర్డులో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఇందిర పక్షాన నిలిచినా, మెజారిటీ నీలం సంజీవరెడ్డిని ఖాయం చేసింది.

ఇందిర ఢిల్లీ చేరగానే మొరార్జీ దేశాయ్ నుంచి ఆర్థిక శాఖ తీసేసుకున్నారు. జూలై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేశారు. ఆ ఆర్డినెన్స్ మీద సంతకం గిరిది. బ్యాంకు ఉద్యోగుల జీతాల తగువులో ప్రభుత్వంతో విభేదించి 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవిని వదులుకున్నదీ ఆయనే. ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టిన మర్నాడు, జూలై 20న, రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా దిగారు.

సంజీవరెడ్డి పేరును ప్రతిపాదిస్తూ సంతకం చేసిన ఇందిరే ‘ఆత్మప్రబోధం’ మేరకు ఓటేసుకోవచ్చన్నారు. ఇది సూత్రమా, ఎత్తుగడా అంటే నా ఓటు ఎత్తుగడకే. అవతల నిజలింగప్ప కూడా తక్కువ తినలేదు, జనసంఘ్, స్వతంత్ర పార్టీల రెండో ప్రాధాన్య ఓట్ల కోసం మంతనాలు జరిపారు (ఈ ఎన్నికలో ఎంపీలు, ఎమ్మెల్యేలు అభ్యర్థులకు 1, 2 అంటూ వరస ఇస్తారు). ఇంతలో సంజీవరెడ్డిపై బూతు ఆరోపణలతో ఒక ఆకాశరామన్న కరపత్రం ఎంపీల చేతుల్లో తిరిగింది. వాట్సాప్ లేకపోతేనేం!

ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, జనసంఘ్, స్వతంత్ర పార్టీలు బలపరిచిన సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 ఓట్ల విలువ వచ్చింది. ఎవరూ గెలుపు గీత దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. రాష్ట్రపతి ఎన్నిక రెండో ప్రాధాన్యం దాకా వెళ్లడం అదొక్కసారే.

ఓడినవాళ్ల పక్షం ఊరుకోలేదు, కానీ వీధికీ ఎక్కలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లింది. రాష్ట్రపతి హోదాలో ఉన్న గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో పిటిషన్లు కొట్టేశారు. కాంగ్రెస్ మాత్రం అప్పటికే, 1969 నవంబరులోనే, రెండుగా చీలిపోయింది.

సంజీవరెడ్డి 1971 లోక్‌సభ ఎన్నికల్లోనూ ఓడి, అనంతపురం జిల్లా ఇల్లూరులో సేద్యం చూసుకున్నారు. గిరి తర్వాత రాష్ట్రపతి అయిన ఫక్రుద్దీన్ 1975లో ఎమర్జెన్సీ మీద సంతకం పెట్టి, 1977 ఫిబ్రవరిలో పదవిలోనే మరణించారు. ఆ మార్చి ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే పోయాయి. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల, గెలిచింది సంజీవరెడ్డి. నాలుగు నెలలకు ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

ఇక్కడితో ఆపేస్తే కథ తియ్యగా ఉంటుంది. 1979 ఆగస్టులో ప్రధాని చరణ్ సింగ్ రాజీనామా చేశాక, జనతా పార్టీ నేత ప్రభుత్వం ఏర్పాటుకు అవకాశం అడిగారు. సంజీవరెడ్డి ఇవ్వలేదు, లోక్‌సభను రద్దు చేశారు. ఆ నేత ఎవరో కాదు, బెంగళూరులో ఆయనకు పోటీగా వినిపించిన పేరు, జగ్జీవన్ రామ్. ఆ నిర్ణయం సబబేనా అన్న వాదన సంజీవరెడ్డిని పదవి దిగాక కూడా వదల్లేదు.