తల నరికితే చెట్టు పడదా? పాత రోడ్ల చెట్ల గురించి అపోహలు, వాస్తవాలు

మే నెలలో మొదటి గాలివాన పడిందంటే మర్నాడు పొద్దున్నుంచే నా ఫోన్ మోగుతుంది. "సార్, మా ఇంటి ముందర వేపచెట్టు పడేటట్టుంది. తల నరికించండి సార్." కర్నూలులో పదిహేడేళ్లుగా రోడ్డు పక్క చెట్ల పనే చేస్తున్నా. ఈ మాటకు జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది గానీ, అడిగేవాళ్ల భయం నిజమైనదే. పిల్లలు ఆడుకునే చోట నెత్తిమీద కొమ్మ ఊగుతుంటే ఎవరికి నిద్ర పడుతుంది?

అపోహ: తల నరికితే చెట్టు తేలికై, పడకుండా ఉంటుంది.

వాస్తవం: ఆ ఏడాదికి భయం తీరుతుంది, ఆ తర్వాత ఏటేటా పెరుగుతుంది. చెట్టు గాయం మన గాయంలా మానదు. దాని చుట్టూ కొత్త చెక్క పెంచుకుని మూసేస్తుంది, అంతే. తొడంత లావు మోడును మూయడం దానివల్ల కాదు. ఈలోపు వాన నీళ్లతో పాటు కుళ్లు లోపలికి దిగుతుంది. నీడ పోయిన బెరడు మే ఎండకు కాలి పగులుతుంది. ఆకులు పోయి తిండి లేని చెట్టు, దాచుకున్న శక్తినంతా పెట్టి మోడు చుట్టూ గుత్తులు గుత్తులుగా చిగుళ్లు వేస్తుంది. "ఎంత బాగా చిగిర్చిందో చూడండి" అని సంబరపడతారు. మామూలు కొమ్మ చెక్క లోపలి నుంచి పాతుకుని వస్తుంది. ఈ చిగుళ్లు బెరడు కింద పైపైన అతుక్కున్నవి. అవి ఏటా బరువెక్కుతాయి, వాటిని మోసే మోడు ఏటా కుళ్లుతుంది.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక పాత రోడ్డులో వేపలన్నిటికీ వరసగా తలలు నరికారు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయ్యేనాటికే ఆ చెట్లు నీడనిచ్చేవని పెద్దలు చెప్తారు. ఆరేళ్ల తర్వాత, పెద్ద గాలి కూడా లేని ఒక సాయంత్రం, వాటిలో ఒక చెట్టు కొమ్మ టీ బండి మీద పడింది. బండి పెద్దాయనకు చెయ్యి విరిగింది. విరిగిన చోట చూస్తే, నడుమంత లావు కొమ్మను పట్టుకుని ఉన్నది రెండు వేళ్ల మందం పచ్చి చెక్క. మిగతాదంతా గోధుమరంగు పొడి, చీమలు. కొమ్మ చివర ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. "పచ్చగానే ఉండె కదా సార్" అన్నాడాయన. నాకు మాట రాలేదు.

మరి చేయాల్సిందేంటి? ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేవి, ఇంటి మీదికి బరువుగా వంగినవి ఏరి తీయాలి. కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడను వదిలి, దాని బయట కోయాలి. ముందు కింది నుంచి కొంత కోసి, తర్వాత పైనుంచి కోస్తే బెరడు చీలదు. ఒకేసారి పావు వంతు ఆకుకు మించి తీయకూడదు. కోసిన చోట తారూ వద్దు, రంగూ వద్దు.

నిజంగా భయపడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. చెట్టు మొదలుకు చిప్పల్లా అంటుకుని గట్టిగా ఉండే పుట్టగొడుగులు. ఈ మధ్యే ఒరిగి, ఒరిగిన వైపుకు వెనకాల మట్టి పగిలిన చెట్టు. కాలువ కోసం మొదలు పక్కనే తవ్వి, వేర్లు తెగ్గొట్టిన చెట్టు. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే చెప్పండి.

తొర్ర ఉందంటే కొట్టేయాలని కాదు. చుట్టూ వ్యాసార్ధంలో మూడోవంతు గట్టి చెక్క మిగిలుంటే చాలా చెట్లు నిలబడతాయి. కొయ్య సుత్తితో తట్టి, డొల్ల మోత ఎక్కడిదాకా ఉందో వింటాం. తొర్రలో సిమెంటు మాత్రం పోయకండి. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. లోపల తడి నిలిచి కుళ్లు ఎక్కువవుతుంది.

"వేపలన్నీ చచ్చిపోతున్నాయంట" అన్నది ఇంకో పుకారు. కొమ్మల చివర్లు ఎండించే శిలీంధ్రం అది, పేరు ఫోమాప్సిస్. చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి. తొందరపడి నరికిన వేపల్ని తలుచుకుంటే కడుపు మండుతుంది.

ఇంటి ముందరి చెట్టు మనదే కదా అని కొట్టేయడానికి లేదు, 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం అనుమతి కావాలి.

ఇక పాత రోడ్డులో చెట్లన్నీ ఒకేసారి తీసి కొత్తవి నాటితే అందంగా ఉంటుందంటారు. అప్పుడు అన్నీ ఒకే వయసువి, అన్నీ ఒకేసారి ముసలివవుతాయి. అన్నీ ఒకే జాతివైతే ఒక్క తెగులు చాలు. ఒక ఊరి చెట్లలో ఒకే జాతి పదో వంతుకు మించకూడదన్నది ఈ పనిలో పాత లెక్క. ముందు చచ్చినవాటి ఖాళీల్లో వేప, కానుగ, చింత, రావి కలిపి నాటాలి. అవి నీడ పట్టాక, బాగా దెబ్బతిన్నవాటిని విడతలుగా తీయాలి. పదిహేను ఇరవై ఏళ్ల పని ఇది. రోడ్డు ఎప్పుడూ బోడిగా కనపడకూడదు.

ఆ టీ బండి దగ్గరి వేపను చివరికి తీసేశాం. దాని చోట కానుగ నాటాం, మొదలు చుట్టూ నాలుగు అడుగుల మేర కాంక్రీటు పగలగొట్టి. ఇప్పుడది పెద్దాయనకంటే ఎత్తుంది. ఎండాకాలం వారానికి రెండుసార్లు, గ్లాసులు కడిగే పని అయ్యాక, ఒక బిందె మంచినీళ్లు తెచ్చి ఆయనే పోస్తాడు.